ఫ్రాంక్‌ఫర్ట్‌లోని గోథే గృహం: పునర్నిర్మాణం - ప్రామాణికత

ఉపోద్ఘాతం

జర్మన్ మహాకవి గోథే తెలుగు సాహిత్య పరిశోధకులకు ప్రధానంగా కాళిదాసు శాకుంతలాన్ని కీర్తించిన కవిగా పరిచితుడు. ఆయన 1749 ఆగస్టు 28న ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలోని గ్రోసర్ హిర్ష్‌గ్రాబెన్ వీథిలో జన్మించాడు. నేడు ఆ వీథిలో సందర్శకులు చూసే ఇల్లు రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత కట్టినది. ధ్వంసమైన చారిత్రక గృహాన్ని ఉన్నదున్నట్లుగా తిరిగి కడితే అది ఆ ఇల్లే అవుతుందా, కేవలం దాని ప్రతిరూపమవుతుందా అన్న ప్రశ్నను ఆ ఇంటి చరిత్ర ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మరమ్మతు పేరిట కొత్త ఇల్లు

గోథే నాయనమ్మ కొర్నేలియా 1733లో పక్కపక్కనే ఉన్న రెండు ఇళ్లను కొన్నది. 1755-56లో తండ్రి యోహాన్ కాస్పర్ గోథే వాటిని ఒకే భవనంగా తీర్చిదిద్దాడు. కొత్తగా కట్టే ఇళ్లలో మొదటి అంతస్తుకు మించి పై భాగాలు వీథి మీదికి పొడుచుకు రాకూడదని నాటి నగర నిబంధన. ఆ జాగాను వదులుకోవడం ఇష్టంలేక ఆయన పై అంతస్తులకు ఊతకర్రలు పెట్టించి, కింది నుంచి ఒక్కొక్క భాగాన్నే తీసి కొత్తది అమర్పించాడు. చివరకు పాతది దాదాపు ఏమీ మిగలకపోయినా పని మొత్తం మరమ్మతుగానే చెల్లుబాటైంది. ఈ సంగతిని గోథే తన ఆత్మకథలోనే నమోదు చేశాడు. 1775లో వైమార్‌కు వెళ్లే వరకు ఆయనకు ఇదే స్వగృహం. ‘వెర్థర్’ నవల ఇక్కడే రూపుదిద్దుకుంది.

విధ్వంసం - వివాదం

1795లో కవి తల్లి ఈ ఇంటిని అమ్మివేసింది. 1863లో ‘ఫ్రైస్ డాయిచెస్ హోఖ్‌ష్టిఫ్ట్’ అనే సాంస్కృతిక సంస్థ దానిని కొని స్మారక గృహంగా మార్చింది. 1944 మార్చి 22న, అంటే గోథే వర్ధంతి నాడే, వైమానిక దాడిలో ఇల్లు నేలమట్టమైంది. గృహోపకరణాలను, చిత్రపటాలను, గ్రంథాలను ముందే సురక్షిత స్థలాలకు తరలించడంతో అవి దక్కాయి.

సంస్థ సంచాలకుడు ఎర్నెస్ట్ బాయిట్లర్ ఇంటిని పూర్వరూపంలోనే తిరిగి కట్టాలని పట్టుబట్టాడు. రచయిత వాల్టర్ డిర్క్స్ 1947లో దీనిని వ్యతిరేకించాడు. ఈ వినాశం యాదృచ్ఛికం కాదు. జర్మనీ ఎంచుకున్న దారికి ఫలితం. కనుక ఆ నష్టాన్ని అంగీకరించి, ఇంటికి వీడ్కోలు చెప్పే ధైర్యం కావాలన్నది ఆయన వాదన. చివరకు బాయిట్లర్ పక్షమే నెగ్గింది. 1947లో శంకుస్థాపన జరిగింది. 1951 మేలో ఇల్లు మళ్లీ తెరుచుకుంది.

ముగింపు

1755లో కొత్త ఇల్లు పాతదిగా చెల్లుబాటైంది. 1951లోనూ కొత్త ఇల్లు పాతదాని రూపాన్నే ధరించింది. పదార్థం మారినంత మాత్రాన ఇంటి గుర్తింపు పోదని మొదటి ఘట్టం తెలుపుతున్నది. అయితే ఈ పోలికకు ఒక హద్దు ఉంది. తండ్రి చేసిన మార్పులో నివాసం తెగిపోలేదు. యుద్ధానంతర నిర్మాణానికి ముందు మాత్రం ఒక శిథిలం ఉంది, దాని వెనుక ఒక జాతి బాధ్యత ఉంది. స్థలం, రూపం, అసలు వస్తుసామగ్రి బాయిట్లర్ వాదానికి బలమిస్తాయి. ఆ శిథిలాన్ని మరుగుపరిస్తే డిర్క్స్ ఆక్షేపణే నిజమవుతుంది. కాబట్టి పునర్నిర్మిత గృహం ప్రామాణికత గోడల ప్రాచీనతలో కాక, తాను ఒకసారి కూలిన సంగతిని, కూలిన కారణాన్ని దాచకుండా చెప్పడంలో ఉందని నిర్ధారించవచ్చు.