జెర్సీ మీద ఎవరి పేరు?

ఎల్బీనగర్ చౌరస్తాలో సిగ్నల్ పడితే నేను నంబర్ ప్లేట్లు చదువుతుంటాను. ఏపీ, టీఎస్, టీజీ. మూడు బండ్లూ పోయేది దిల్‌సుఖ్‌నగర్‌కే. రాష్ట్రం మారితే బండికి కొత్త అక్షరాలొస్తాయి, సరే. మరి ఆడే జట్టు సంగతి?

లిథువేనియా బాస్కెట్‌బాల్ జట్టు కథ మీలో కొందరికైనా తెలిసే ఉంటుంది. 1937లో, 1939లో సొంత పేరుతో యూరప్ చాంపియన్లయిన దేశం. 1940లో సోవియట్ యూనియన్ కలిపేసుకుంది. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన సోవియట్ జట్టుకి వెన్నెముక సబోనిస్, మార్చులియోనిస్‌తో సహా నలుగురు లిథువేనియన్లు. జెర్సీ మాత్రం మాస్కోది. 1990లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు. 1992లో బార్సిలోనా పోవడానికి డబ్బుల్లేకపోతే గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్ సాయం చేసింది. కాంస్యం కోసం ఎవరితో తలపడ్డారో చూడండి: మాజీ సోవియట్ దేశాల ఉమ్మడి జట్టుతో! 82-78తో గెలిచి, ఆ బ్యాండ్ బొమ్మలున్న రంగురంగుల టీషర్టులేసుకుని పతకాలు అందుకున్నారు.

మనది దీనికి తిరగేసిన కథ. అక్కడ దేశంతో పాటు జట్టు పేరూ పోయింది. ఇక్కడ రాష్ట్రం పోయాక కూడా జట్టు ఆ పేరుతోనే గెలిచింది.

మన ఆట ఫుట్‌బాల్. సొంత నాణెం, సొంత రైల్వే ఉన్న హైదరాబాద్ సంస్థానం 1948 సెప్టెంబర్‌లో భారతదేశంలో కలిసింది. లిథువేనియాకి మూడింతలుండేది కాబట్టి చిన్న దేశం అనడానికి నోరు రాదు. రెండేళ్ళు తిరక్కుండానే అనలేను గానీ, 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు మోహన్ బగాన్‌ని ఓడించి డ్యూరండ్ కప్ పట్టుకొచ్చింది. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్‌లు. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, ఒకప్పటి బడిపంతులు.

1956 నవంబర్ 1న హైదరాబాద్ రాష్ట్రం మూడు ముక్కలై ఆంధ్రప్రదేశ్, బొంబాయి, మైసూర్‌లలో కలిసిపోయింది. సరిగ్గా నెలకి, డిసెంబర్ 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా ఆస్ట్రేలియాని 4-2తో ఓడించింది. కోచ్ రహీమే. జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, తమిళ ఇంట్లో పుట్టిన సికింద్రాబాద్ కుర్రాడు బలరాం. చివరికి దక్కిన నాలుగో స్థానాన్ని మన ఫుట్‌బాల్ ఒలింపిక్స్‌లో మళ్ళీ దాటలేదు.

ఇక 1956-57, 1957-58 సంతోష్ ట్రోఫీలు రెండూ 'హైదరాబాద్' ఖాతాలోనే ఉన్నాయి. మ్యాపులో లేని రాష్ట్రం పేరుతో! 1965-66లో మళ్ళీ గెలిచినప్పుడు ఆ గడిలో ఆంధ్రప్రదేశ్ అని ఉంటుంది.

ఏటా సెప్టెంబర్ 17 రాగానే విలీనమా, విమోచనమా అని కొట్లాడుకుంటాం. ఆ కొట్లాటలో నిజాం ఉంటాడు, రజాకార్లుంటారు, సైన్యం ఉంటుంది. పోలీస్ యాక్షన్ జరిగిన రెండేళ్ళకి అదే ఊరి పేరు మీద, అదే ఊరి పోలీసు జట్టుగా, ఉర్దూ మాట్లాడే కుర్రాళ్ళు దేశమంతా తిరిగి కప్పులు గెలిచారన్న మాట ఎవరి వాదనకీ పనికిరాదు. అందుకే ఎవరూ ఎత్తరని నా అనుమానం. బలరాం లాంటివాణ్ణి 'మనవాడు' అనాలంటే ఏ లెక్కన అనాలో కూడా మనకి తేలలేదు.

పొద్దున్నే సరూర్‌నగర్ స్టేడియం వైపు వెళ్తే దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళ పిల్లలు పరుగెడుతూ కనిపిస్తారు. కానిస్టేబుల్ ఉద్యోగానికి 1600 మీటర్లు. బంతి బాగా ఆడితే పోలీసు కొలువు దొరికిన రోజులుండేవని చెప్తే ఒకబ్బాయి నవ్వాడు. రహీం పేరు తెలుసా అంటే, అజయ్ దేవగణ్ సినిమా అన్నాడు. నిజమే, 'మైదాన్' హిందీలో 2024లో వచ్చింది.

అదే ఏడాది డిసెంబర్ 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ గచ్చిబౌలిలో జరిగింది. ఆడింది బెంగాల్, కేరళ.