ఒక స్ప్రింగు, ఒక తాళాల గుత్తి, పదేళ్ల ఫిర్యాదులు

ఈ రోజు మాట్లాడుకునేది ఒక స్ప్రింగు గురించి. బాల్‌పెన్నులో ఉంటుందే, ఇంచుమించు అలాంటిదే. ఉండాల్సిన దానికంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు పొట్టిగా ఉంది. అంతే తేడా. ఆ తేడా వల్ల పోయిన ప్రాణాలు 124 అని చివరికి కంపెనీ డబ్బుతో ఏర్పాటైన పరిహార నిధే లెక్క తేల్చింది.

కంపెనీ పేరు జనరల్ మోటార్స్, జీఎం. మన రోడ్ల మీద ఇప్పటికీ అక్కడక్కడా కనిపించే షెవర్లే బీట్, తవేరా వీళ్లవే. 2017 చివరికల్లా ఇక్కడ అమ్మకాలు ఆపేసి వెళ్లిపోయారు. మన కథలో కారు మాత్రం ఇండియాకి రాలేదు. దాని పేరు షెవర్లే కోబాల్ట్. అమెరికాలో 2004 చివర్లో మార్కెట్లోకి వచ్చింది. చిన్న కారు, తక్కువ ధర. కాలేజీకి వెళ్లే పిల్లలకి అమ్మానాన్నలు కొనిచ్చే మొదటి కారు రకం. చనిపోయినవాళ్లలో కుర్రవాళ్లు అంతమంది ఉండటానికి అదొక కారణం.

ముందు అసలు జబ్బేంటో చూద్దాం. కారు తాళం తిప్పితే మధ్యలో మెట్లు తగులుతాయి కదా. ఆఫ్, యాక్సెసరీ, ఆన్, స్టార్ట్. ఆన్‌లో పెట్టాక తాళంచెవి అక్కడే గట్టిగా నిలబడాలి. దాన్ని నిలబెట్టేది లోపల ఒక చిన్న పిన్ను, దాని వెనకున్న స్ప్రింగు. కోబాల్ట్‌లో, సాటర్న్ అయాన్ అనే ఇంకో మోడల్‌లో ఈ పట్టు చాలా వదులు. తాళాల గుత్తి బరువుగా ఉన్నా, గతుకులో బండి ఎగిరినా, మోకాలు తగిలినా తాళం ఆన్ నుంచి యాక్సెసరీకి జారిపోయేది.

జారితే ఏమవుతుంది? ఇంజిన్ ఆగుతుంది. పవర్ స్టీరింగ్ పోతుంది, చక్రం ఒక్కసారిగా బరువెక్కుతుంది. బ్రేకు ఒకటి రెండుసార్లు మామూలుగా పడి తర్వాత బండరాయిని తొక్కినట్టు ఉంటుంది. వీటన్నిటికంటే ఘోరం ఇంకొకటి: ఎయిర్‌బ్యాగులకి కూడా కరెంటు ఉండదు. అంటే బండి అదుపు తప్పిన ఆ క్షణంలోనే, మనిషిని కాపాడాల్సిన సంచి కూడా నిద్రపోతోందన్నమాట.

ఈ రెండో సంగతి ఓనర్లకి తెలీదు. వాళ్లకి తెలిసింది మొదటిదే. నడుస్తున్న బండి దానంతటదే ఆగిపోతోంది. వాళ్లు అదే చెప్పారు. డీలర్ల దగ్గర చెప్పారు, కంపెనీకి చెప్పారు, అక్కడి ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థకి రాశారు. ఆ సంస్థ పొడుగు పేరు ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ, అక్కడివాళ్లు ముద్దుగా నిట్సా అంటారు. ఇంకో విషయం తెలుసా? కంపెనీ ఇంజినీర్లలో ఒకాయనకి కూడా కారు విడుదలయ్యే రోజుల్లోనే నడుపుతుంటే మోకాలు తగిలి ఇంజిన్ ఆగిపోయింది. అంటే చెప్పేవాళ్లు లేరని కాదు.

మరి విని ఏం చేశారు? ఫైలు తెరిచారు, పేరు పెట్టారు. ఆ పేరు దగ్గరే కథ అడ్డం తిరిగింది. దీన్ని భద్రతకి సంబంధించిన లోపంగా కాకుండా కస్టమర్ సౌకర్యానికి సంబంధించిన విషయంగా రాసుకున్నారు. సీటు కవరు ముడతలు పడింది, కప్పు పెట్టే చోటు చిన్నదిగా ఉంది, ఇలాంటి ఫిర్యాదుల పక్కన నడిరోడ్డు మీద ఇంజిన్ ఆగడం! సౌకర్యం సమస్య అన్నాక రిపేరుకి ఖర్చెంత, లాభమెంత అని లెక్కేస్తారు. 2005లో అలాగే లెక్కేసి, ఖర్చు గిట్టదని పక్కన పెట్టేశారు. భద్రత సమస్య అని రాసి ఉంటే ఆ లెక్కకి చోటే లేదు, రీకాల్ చేసి తీరాలి.

2005 డిసెంబరులో డీలర్లకి ఒక సర్క్యులర్ పంపారు. అందులో సారాంశం ఇది: డ్రైవరు పొట్టిగా ఉండి, తాళాల గుత్తి బరువుగా ఉంటే పొరపాటున తాళం ఆఫ్ అయ్యే అవకాశం ఉంది, కాబట్టి గుత్తిలో అనవసరమైనవి తీసేయమని చెప్పండి. తాళంచెవి తలకాయలో పొడుగు కన్నానికి బదులు చిన్న కన్నం ఉండేలా ఒక బిళ్ల కూడా ఇచ్చారు, అదీ వచ్చి అడిగినవాళ్లకే. ఆ సర్క్యులర్‌లో ‘స్టాల్’ అనే మాట, అంటే ఇంజిన్ ఆగిపోవడం అనే మాట, కావాలనే రాయలేదు. ఆ మాట కనబడితే నిట్సా చెవులు నిక్కబొడుచుకుంటుందని వాళ్ల భయం. 2014లో కంపెనీయే నియమించుకున్న లాయర్ ఆంటన్ వలుకాస్ విచారణలో బయటపడ్డ సంగతి ఇది.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్దాం, 1965కి. రాల్ఫ్ నేడర్ అనే కుర్ర లాయర్ అమెరికా కార్లు ఎంత ప్రమాదకరంగా తయారవుతున్నాయో ఒక పుస్తకం రాశాడు. అందులో మొదటి దెబ్బ జీఎం వాళ్ల కోర్వేర్ అనే కారుకే. జీఎం ఏం చేసింది? ఆయన వెనక ప్రైవేటు డిటెక్టివులని పెట్టింది. అది బయటపడి 1966 మార్చిలో కంపెనీ ప్రెసిడెంట్ జేమ్స్ రోచ్ సెనెట్ ముందు క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో వాహన భద్రతా చట్టం వచ్చింది. కార్లలో లోపాలని పట్టించుకోవడానికి ఒక ప్రభుత్వ వ్యవస్థ పుట్టింది, అదే తర్వాత నిట్సా అయింది. అంటే ఇవాళ అమెరికాలో మామూలు ఓనరు నా కారులో ఈ లోపం ఉంది అని సర్కారుకి రాయగలుగుతున్నాడంటే, అందులో ఈ జీఎం పుణ్యం కూడా ఉంది.

ఇప్పుడు 2008కి రండి. జీఎం ఉద్యోగులకి ఒక ట్రైనింగ్ ఇచ్చారు. రిపోర్టుల్లో వాడకూడని మాటల జాబితా ఇచ్చారు, 69 మాటలు. ‘డిఫెక్ట్’ రాయొద్దు, డిజైన్ ప్రకారం పనిచేయడం లేదు అని రాయండి. ‘ప్రాబ్లమ్’ వద్దు, విషయం అనండి, పరిస్థితి అనండి. ‘సేఫ్టీ’ అనే మాట కూడా వద్దు. జాబితాలో ‘టైటానిక్’ ఉంది. ‘కదిలే శవపేటిక’ లాంటి మాట ఉంది. ఇంకా ‘కోర్వేర్ లాంటిది’ అనే మాట కూడా ఉంది! నలభై ఏళ్లు దాటినా ఆ పేరంటే వణుకు పోలేదు. కారు బాగుచేయడం మానేసి భాష బాగుచేశారు అని నాకు అనిపిస్తుంది.

సరే, ఫిర్యాదులు చదివినవాళ్లు ఒక్కరూ లేరా? ఉన్నారు. విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక స్టేట్ పోలీసు. 2006 అక్టోబరులో అక్కడ ఒక కోబాల్ట్ రోడ్డు దిగి చెట్లకి గుద్దుకుంది. లోపల ముగ్గురు టీనేజి అమ్మాయిలు, ఇద్దరు చనిపోయారు. ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. ఈ పోలీసాయన కారు బ్లాక్‌బాక్స్ సమాచారం తీయించి చూస్తే తాళం యాక్సెసరీలో ఉంది. ఎందుకలా అని వెతుకుతూ వెళ్తే ఓనర్లు నిట్సాకి రాసిన ఫిర్యాదులు కనబడ్డాయి, డీలర్లకి పంపిన ఆ సర్క్యులర్ కనబడింది. రెండూ కలిపి 2007 ఫిబ్రవరిలో రిపోర్టు రాశాడు. తాళం జారడానికీ, ఎయిర్‌బ్యాగు తెరుచుకోకపోవడానికీ సంబంధం ఉండొచ్చని చెప్పేశాడు. వేల మంది ఇంజినీర్లున్న కంపెనీ ఏళ్ల తరబడి ముడిపెట్టలేని రెండు ముక్కల్ని ఒక హైవే పోలీసు ముడిపెట్టాడు. ఆ రిపోర్టు నిట్సాకీ చేరింది, జీఎంకీ చేరింది. ఆ ఏడాది చివర్లో నిట్సాలో ఒక అధికారి విచారణ మొదలుపెడదాం అన్నాడు. అంకెలు చూస్తే ప్రత్యేకంగా ఏమీ కనబడట్లేదని కమిటీ వద్దంది.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది టెక్సాస్ కేసు. 2004 నవంబరులో ఒక అమ్మాయి తను పెళ్లాడబోయే అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని సాటర్న్ అయాన్ నడుపుతోంది. కారు రోడ్డు దిగి చెట్టుకి గుద్దుకుంది. ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. అబ్బాయి పోయాడు. ఆమె రక్తంలో మందు బిళ్ల ఆనవాలు కొద్దిగా దొరికింది. ఇంకేముంది, తప్పు ఆమెదే అన్నారు. 2007లో ఆమె కోర్టులో నిర్లక్ష్యంతో ప్రాణం తీశానని నేరం ఒప్పుకుంది. అప్పటికి కొన్ని నెలల ముందే జీఎం తన లోపలి సమీక్షలో ఆ ప్రమాదానికి కారులోని లోపమే కారణమని తేల్చుకుంది. ఆమెకి చెప్పలేదు. కోర్టుకీ చెప్పలేదు. 2014 నవంబరులో కోర్టు ఆ శిక్ష కొట్టేసింది. పదేళ్లు! తన చేతుల్తో తనే ప్రాణం తీసుకున్నాననే బరువు పదేళ్లు మోసింది.

మరి ముడి ఎలా విడింది? జార్జియాలో. 2010 మార్చిలో ఒక నర్సు తన కోబాల్ట్ నడుస్తూ నడుస్తూ ఆగిపోయిందని డీలర్‌కి ఇచ్చింది. వాళ్లు ఇంధనం వెళ్లే దారి శుభ్రం చేసి బండి ఇచ్చేశారు. కొద్ది రోజుల్లోనే, తన 29వ పుట్టినరోజున, వానలో కారు అదుపు తప్పి చనిపోయింది. స్పీడుగా నడిపింది అన్నారు పోలీసులు. వాళ్ల అమ్మానాన్న నమ్మలేదు. మా పిల్ల కారు ఆగిపోతోందని ముందే చెప్పింది కదా అన్నారు. లాన్స్ కూపర్ అనే లాయర్‌ని పెట్టుకున్నారు. ఆయన తరఫున మార్క్ హుడ్ అనే ఇంజినీరు ఆ కారులోని స్విచ్చు విప్పాడు. పోల్చడానికి డీలర్ దగ్గర అదే నంబరున్న కొత్త స్విచ్చు కొన్నాడు. పక్కపక్కన పెడితే కొత్తదానిలో స్ప్రింగు, పిన్ను పొడుగ్గా ఉన్నాయి, పట్టు గట్టిగా ఉంది. పార్టు నంబరు మాత్రం అదే!

అసలు విషయం ఇది. 2002లో, నిర్ణయించిన పట్టు రావట్లేదని తెలిసీ, ఆ స్విచ్చుకి ఓకే చెప్పింది జీఎం ఇంజినీరు రే డీజార్జియో. 2006లో చడీచప్పుడు లేకుండా దాన్ని మార్చడానికి సంతకం పెట్టిందీ ఆయనే. వస్తువు మారితే నంబరు మారాలి, ఇది మన ఊళ్లో స్పేర్ పార్ట్స్ షాపు కుర్రాడికి కూడా తెలుసు. నంబరు మార్చలేదు. దాంతో పాత కార్లు ఎందుకు ఆగిపోతున్నాయి, కొత్తవి ఎందుకు ఆగట్లేదు అని వెతికిన కంపెనీ ఇంజినీర్లకే ఏళ్ల తరబడి అంతుపట్టలేదు. 2013లో లాయర్ ముందు ప్రమాణం చేసి అడిగితే, ఆ మార్పు సంగతే తనకి తెలియదన్నాడు డీజార్జియో.

తర్వాత జరిగింది త్వరగా చెప్పేస్తా. 2014 ఫిబ్రవరిలో రీకాల్ మొదలైంది, నెలన్నరకే 26 లక్షల కార్లకి పాకింది. అప్పుడే సీఈఓ అయిన మేరీ బర్రా ఏప్రిల్‌లో కాంగ్రెస్ ముందు నిలబడి క్షమాపణ చెప్పింది. 15 మందిని ఉద్యోగాల్లోంచి తీసేశారు. మొదట 13 మరణాలే అన్నారు. కెన్నెత్ ఫైన్‌బర్గ్ నడిపిన పరిహార నిధి ఒక్కో కేసూ తిరగేసేసరికి 124 అయింది. ప్రభుత్వంతో ఒప్పందంలో కంపెనీ 90 కోట్ల డాలర్లు కట్టింది. జైలుకి వెళ్లినవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

మనకి సంబంధం ఏంటి అంటారా? రెండు విషయాలు. మన తెలుగు పిల్లలు వేలమంది చదువుకోడానికి అమెరికా వెళ్తున్నారు. వెళ్లగానే కొనేది సెకండ్ హ్యాండ్ కారే. రీకాల్ రిపేరు చేయించని పాత కారు అమ్మకూడదని అక్కడ దేశమంతటికీ వర్తించే చట్టం లేదు. కొనేముందు కారు మీదుండే 17 అక్షరాల విన్ నంబరు నిట్సా సైట్‌లో కొట్టి చూడండి. రీకాల్ ఉంటే తేలిపోతుంది. ఆ రిపేరు రెండో ఓనరుకి కూడా ఉచితమే.

ఇక ఇక్కడ. 2012 నుంచి కంపెనీలు తమంతట తామే రీకాల్ చేసే పద్ధతి నడిచింది, బలవంతం లేదు. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణతో, 110ఎ సెక్షన్ కింద, రీకాల్ చేయమని ప్రభుత్వమే ఆదేశించే అధికారం వచ్చింది. 2021 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం, ఏడేళ్లు దాటని బండి గురించి ఓనర్లు ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ఒకే మోడల్ మీద నిర్ణయించిన సంఖ్యలో ఫిర్యాదులొస్తే విచారణ మొదలవ్వాలి. అంటే సంఖ్య ముఖ్యం. మనవాళ్లు షోరూమ్‌లో గొడవపడి, సర్వీస్ మేనేజరు కూల్‌డ్రింక్ ఇస్తే చల్లబడి ఇంటికొచ్చేస్తారు. ఆ ఫిర్యాదు ఏ లెక్కలోకీ రాదు.

జాబ్‌కార్డు మీద ఏం రాస్తున్నారో కూడా చూసుకోండి. 80 స్పీడులో ఇంజిన్ ఆగింది అని మీరు చెప్తే, వాళ్లు ‘జనరల్ చెకప్’ అని రాస్తారు. రాయనివ్వకండి. తేదీ, స్పీడు, ఏం ఆగింది, ఎయిర్‌బ్యాగు లైటు వెలిగిందా, అన్నీ మీ మాటల్లోనే రాయించి, ఆ కాగితం ఫొటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి. ఉంటాను మరి.