చదవరాని అక్షరాలు: పణిక్కర్ బొమ్మలూ మన పిల్లలూ



మనిషీ చెట్టూ కనబడని, ఉత్త గీతలూ రంగులూ ఉన్న బొమ్మల ప్రదర్శనకు రమ్మంటే "అందులో ఏముందయ్యా?" అంటారు మనవాళ్లు. వీటిని నైరూప్య చిత్రాలు అంటారు. వీటి చరిత్రలో మన మద్రాసుకు పెద్ద చోటే ఉంది. ఆ కథ మన ఇంటి కథకు ఎంత దగ్గరో చెప్పాలనే ఇది రాస్తున్నాం.

కె.సి.ఎస్. పణిక్కర్ మలయాళీ. పుట్టింది మాత్రం 1911లో, కోయంబత్తూరులో. ఇంట్లో ఒక భాష, వీధిలో ఇంకో భాష. అది ఎలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. చిన్న వయసులోనే తంతి శాఖలో ఉద్యోగానికి చేరారు. రైల్వేలో పనిచేసిన మాలాంటివాళ్లకు ఆ ఉద్యోగం సంగతి బాగా తెలుసు. చుక్క, గీత, చుక్క. తెలిసినవాడికి అది కబురు, తెలియనివాడికి ఉత్త టకటక.

ఆ పని మానేసి, 1936లో మద్రాసు చిత్రకళా పాఠశాలలో చేరారు. 1850లో మొదలైన బడి అది. అప్పుడు ప్రిన్సిపాల్ దేవీప్రసాద్ రాయ్ చౌధురి. మన మెరీనాలో శ్రామికుల విగ్రహం చేసినది ఆయనే. 1957లో ఆ కుర్చీలోకి పణిక్కర్ వచ్చారు. ఆయన దగ్గర చదివినవాళ్లలో మన తెలుగువారూ ఉన్నారు. గుడివాడలో పుట్టిన ఎస్.వి. రామారావు మద్రాసులో చదివి, లండన్ స్లేడ్ స్కూలుకు వెళ్లి, చివరికి చికాగోలో స్థిరపడి, నైరూప్య చిత్రకారుడిగా పేరు తెచ్చుకున్నారు. 2001లో పద్మశ్రీ అందుకున్నారు.

బొమ్మలు అమ్ముకుని బతకడం కష్టమని తెలిసి, పణిక్కరూ శిష్యులూ బాతిక్ గుడ్డలూ చేతిపనులూ చేసి అమ్మారు. ఆ డబ్బుతో ఇంజంబాక్కంలో సముద్రం పక్క నేల కొని, 1966లో చోళమండలం కట్టుకున్నారు. ఒక్కడి వల్ల కానిది పదిమంది చేరితే అయింది. సంఘం అంటే అదే కదా!

ఇక అసలు విషయం. 1963 ప్రాంతంలో పణిక్కర్ కొత్త బొమ్మలు వేయడం మొదలుపెట్టారు. వాటికి 'మాటలూ సంకేతాలూ' అని పేరు. గుడ్డ నిండా జాతకచక్రంలాంటి గళ్లు, లెక్కల గుర్తులు, వరసలు వరసలుగా మలయాళంలాంటి అక్షరాలు. చదవబోతే ఒక్క మాటా రాదు. చదవడానికి కాదు, చూడడానికి వేసిన అక్షరాలు అవి. పరదేశపు పద్ధతి అరువు తెచ్చుకోకుండా, మన పాత తాళపత్రాల, జాతకాల చూపుతోనే కొత్త బొమ్మ వేయవచ్చని ఆయన చూపించారు. అందుకే వాటికి అంత గౌరవం.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. మన ఇళ్లలో తాతల కాలపు ఉత్తరాలు, పెళ్లి పత్రికలు, పద్దుల పుస్తకాలు పెట్టెల్లో ఉన్నాయి. తెలుగు చక్కగా మాట్లాడే మన మనవడి చేతికి ఒకటి ఇచ్చి చూడండి. గుండ్రంగా, అందంగా ఉందంటాడు. చదవలేడు. వాడికి తాత ఉత్తరమూ పణిక్కర్ బొమ్మా ఒకటే.

కానీ రెంటికీ తేడా ఉంది. పణిక్కర్ అక్షరం తెలిసి, కావాలని దాన్ని బొమ్మ చేశారు. మన పిల్లవాడికి అక్షరం ఎవరూ ఇవ్వలేదు, అందుకని అది బొమ్మ అయిపోయింది. మొదటిది కళ, రెండోది నష్టం.

తమిళం మనకు అన్నం పెట్టిన భాష. మేము చదువుకున్నదీ తమిళంలోనే, దానిమీద ఏ ఫిర్యాదూ లేదు. తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరాక, డ్యూటీ అయ్యాక కూడబలుక్కుని నేర్చుకున్నాం. యాభై ఆరు అక్షరాలు, వాటి గుణింతాలు. రోజుకు అరగంట కూర్చుంటే కొన్ని నెలల్లో వచ్చేస్తాయి.

అందుకని ఒక మనవి. వచ్చే సెలవుల్లో పిల్లల్ని చోళమండలం తీసుకెళ్దాం. అక్కడి మ్యూజియంలో మద్రాసు చిత్రకారుల పనులున్నాయి, తీరిగ్గా చూడనిద్దాం. తిరిగొచ్చాక ఇంట్లో పెట్టె తెరిచి, ఒక్క పాత ఉత్తరం తీసి, మొదటి వరుస చదివించే పని మొదలుపెడదాం. వచ్చేవాళ్లు కింద పేరు రాయండి. వ్యాను మాట్లాడే పని మేము చూసుకుంటాం.