ఛాతీ నొప్పి: గ్యాసా, మగ్గం నొప్పా, గుండెదా? ఎప్పుడు ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి

ఛాతీలో నొప్పి అనగానే చాలా ఇళ్ళలో వినిపించే మొదటి మాట "గ్యాసే ఉంటది, జర సోడా తాగు". సోడా అయ్యాక వాము, వాము అయ్యాక వీపుకు బామ్. రాత్రి అయితే "పొద్దున పోదాం తీ" అని పడుకోబెడతారు. చాలాసార్లు అది నిజంగానే గ్యాస్ అయి ఉంటుంది, తెల్లారేసరికి తగ్గిపోతుంది. కానీ గుండెపోటు కూడా సరిగ్గా ఇలాగే మొదలు కావచ్చు. చూసి, అడిగి మాత్రమే తేడా చెప్పడం అనుభవం ఉన్న డాక్టరుకు కూడా కష్టం. దానికి ఈసీజీ తీయాలి.

కాబట్టి ఇంట్లోవాళ్ళు "ఇది గ్యాసా, గుండెనా" అని వాదించుకుంటూ కూర్చోవడం వల్ల లాభం లేదు. తేల్చుకోవలసింది ఒక్కటే: ఇప్పుడే ఈసీజీ తీయించాలా, రేపటి దాకా ఆగొచ్చా?

పోచంపల్లిలో ఈ లెక్క ఎందుకు తప్పుతుంది

ఒకప్పటి నల్గొండ జిల్లాలో ఉండి, 2016 నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వచ్చిన పోచంపల్లి చిటికి బట్టకు పేరు. ఇక్కడ భుజం నొప్పి, చేయి గుంజడం, రొమ్ము పట్టేయడం కొత్త విషయాలు కావు. ఒక్క చీరకు ఆసు పోయాలంటే చేతిని దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిప్పాలి. తల్లి పడుతున్న ఈ భుజం నొప్పి చూడలేకనే ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారు చేసి, దానికి తల్లి పేరు మీద లక్ష్మి అని పేరు పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

మగ్గం మీద కూర్చునేవాళ్ళకే కాదు, టైలరింగ్ చేసేవాళ్ళకు, లారీ నడిపేవాళ్ళకు, మూటలు మోసేవాళ్ళకు కూడా భుజం నొప్పి రోజూ ఉండేదే. చిక్కు ఇక్కడే వస్తుంది. గుండె నొప్పి కూడా ఛాతీ నుంచి భుజానికి, చేతికి పాకుతుంది. "ఎప్పుడూ ఉండేదే కదా" అన్న అలవాటులో అసలు నొప్పి కలిసిపోతుంది. రోజూ ఉండే నొప్పికి, ఈ రోజు వచ్చిన నొప్పికి తేడా ఏమిటో పోల్చి చూసుకోవడం అందుకే ముఖ్యం.

రెండో కారణం దూరం. హైదరాబాద్ 40-50 కిలోమీటర్లు. గుండెలో స్టెంట్ వేసే పెద్ద ఆసుపత్రులు ఎక్కువగా అక్కడే ఉన్నాయి. సిటీలో ఉన్నవాళ్ళు ఒక గంట ఆలస్యం చేస్తే పోయేది ఒక గంట. ఇక్కడ దానికి దారిలో పోయే సమయం కూడా కలుస్తుంది.

వెంటనే 108కు ఫోన్ చేయాల్సిన లక్షణాలు

ఈ కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా సోడా, బామ్, చిట్కాలు పక్కన పెట్టాలి.

• ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు, పిండినట్టు, బిగించి కట్టినట్టు, మంట పెట్టినట్టు ఉండి, కొన్ని నిమిషాలైనా తగ్గకపోవడం, లేదా తగ్గి మళ్ళీ రావడం.

• ఆ నొప్పి ఎడమ చేతికి, రెండు చేతులకు, మెడకు, దవడకు, వీపుకు, లేదా కడుపు పైభాగానికి పాకడం. కుడి చేతికి పాకినా గుండె నొప్పి కావచ్చు.

• నొప్పితో పాటు చల్లటి చెమటలు, వాంతి, ఆయాసం, కళ్ళు తిరగడం, స్పృహ తప్పడం.

• నొప్పి లేకపోయినా ఉన్నట్టుండి ఊపిరి అందకపోవడం, పడుకోలేక లేచి కూర్చోవాల్సి రావడం.

• ఛాతీ నుంచి వీపులోకి చీల్చినట్టు ఒక్కసారిగా భరించలేని నొప్పి రావడం. ఇది పెద్ద రక్తనాళం చీలడం వల్ల కావచ్చు.

• ఊపిరి పీల్చినప్పుడు గుచ్చినట్టు నొప్పి, ఆయాసం, దానితో పాటు ఒక కాలి పిక్క వాచి ఉండడం. కాన్పు, ఆపరేషన్, ఎక్కువ రోజులు మంచం మీద ఉండడం, సుదూర ప్రయాణం తర్వాత ఇలా అయితే ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ చేరిందేమో చూడాలి.

నొప్పి లేకుండా వచ్చే గుండెపోటు

షుగర్ చాలా ఏళ్ళుగా ఉన్నవాళ్ళకు నరాలు దెబ్బతిని నొప్పి సరిగా తెలియకపోవచ్చు. వాళ్ళకు గుండెపోటు ఒట్టి ఆయాసంగా, చెమటగా, విపరీతమైన నీరసంగా రావచ్చు. పెద్ద వయసు వాళ్ళలోనూ అంతే. ఇంట్లో దాదీ, నానీ ఉన్నట్టుండి "మనసు బాగాలేదు, ఏదో అయితుంది" అని చెమటలతో కూర్చుండిపోతే దాన్ని నీరసం అని కొట్టిపారేయకూడదు.

ఆడవాళ్ళలో కూడా ఛాతీ నొప్పే ముఖ్య లక్షణం. కాకపోతే ఆయాసం, వాంతి వచ్చినట్టు ఉండడం, వీపు లేదా దవడ నొప్పి, ఎప్పుడూ లేనంత అలసట మగవాళ్ళకంటే ఎక్కువగా కనిపిస్తాయి. వంటింటి పని వల్ల అనుకుని వాళ్ళే చెప్పరు. చెప్పినా ఇంటాయన దుకాణం నుంచి వచ్చాక చూద్దామనో, లేడీ డాక్టర్ ఉన్న రోజు వెళ్దామనో ఆగుతారు. అత్యవసరంలో ఈ రెండింటి కోసమూ ఆగకూడదు. ఇంట్లో ఎవరుంటే వాళ్ళు, పదహారేళ్ళ పిల్లవాడైనా సరే, 108కు ఫోన్ చేయాలి.

"వయసు చిన్నది, గుండె జబ్బు ఎందుకొస్తది" అనే మాట కూడా పనికిరాదు. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వాళ్ళకు మొదటి గుండెపోటు వచ్చిన మధ్యస్థ వయసు 53 ఏళ్ళు. మిగతా దేశాల వాళ్ళలో అది దాదాపు 59. బీడీ, సిగరెట్, జర్దా, గుట్కా అలవాటు, షుగర్, బీపీ, ఇంట్లో చిన్న వయసులోనే గుండెపోటు వచ్చినవాళ్ళు ఉండడం ముప్పును ఇంకా ముందుకు తెస్తాయి.

108 వచ్చేలోపు చేయాల్సింది

108 ఉచిత అంబులెన్స్ సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. ఫోన్ చేసినప్పుడు ముందు "ఛాతీ నొప్పి, చెమటలు" అని లక్షణం చెప్పాలి. తర్వాత ఊరు, వాడ, దగ్గరి మసీదు లేదా బడి లాంటి గుర్తు చెప్పాలి.

మనిషిని నడిపించకూడదు, మెట్లు ఎక్కించకూడదు. గోడకు ఆనించి సగం కూర్చున్నట్టు ఉంచి, బిగుతు బట్టలు వదులు చేయాలి. భోజనం, సోడా, కషాయం ఏదీ పెట్టకూడదు.

స్పృహలో ఉండి, ఆస్పిరిన్ పడని మనిషి కాకపోతే, ఇటీవల రక్తస్రావం, నల్ల విరేచనం, పక్షవాతం లాంటివి లేకపోతే 300 లేదా 325 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ మాత్ర ఒకటి నమిలి మింగించవచ్చు. 108లో మాట్లాడేవాళ్ళను అడిగి ఇవ్వడం మంచిది. వీపులోకి చీల్చినట్టు నొప్పి ఉంటే ఇవ్వకూడదు. నాలుక కింద పెట్టే మాత్ర పక్కింటి వాళ్ళ దగ్గర ఉందని తెచ్చి పెట్టకూడదు. బీపీ తక్కువగా ఉంటే అది ప్రమాదం.

బైక్ మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకెళ్ళడం పల్లెల్లో మామూలే. దారిలో గుండె ఆగితే ఏమీ చేయలేరు. అంబులెన్స్ రావడం మరీ ఆలస్యం అయితేనే కారు లేదా ఆటో చూసుకోవాలి. రోగి మాత్రం బండి నడపకూడదు.

మనిషి పడిపోయి, పలకక, ఊపిరి ఆడకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా, 5-6 సెంటీమీటర్లు లోపలికి దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండాలి. సాయం వచ్చేదాకా ఆపకూడదు.

ఎక్కడికి వెళ్ళాలి

గుండెపోటులో రక్తనాళం గడ్డతో మూసుకుపోతుంది. అరగంటలోపే గుండె కండరం చచ్చిపోవడం మొదలవుతుంది. ఆ నాళాన్ని తెరవడానికి రెండు దారులు. ఒకటి, గడ్డ కరిగించే ఇంజెక్షన్. నొప్పి మొదలైన 12 గంటల లోపు ఇస్తారు, మొదటి రెండు మూడు గంటల్లో అయితే బాగా పనిచేస్తుంది. రెండోది యాంజియోప్లాస్టీ చేసి స్టెంట్ వేయడం. ఈసీజీలో గుండెపోటు తేలాక 120 నిమిషాల లోపు యాంజియోప్లాస్టీ జరిగే అవకాశం ఉంటే అది మేలు. లేకపోతే ముందు ఇంజెక్షన్ చేసి, తర్వాత పెద్ద ఆసుపత్రికి పంపడమే డాక్టర్లు పాటించే పద్ధతి.

దీని అర్థం, "ఎట్లాగూ హైదరాబాద్ పోవాలె కదా" అని ఈసీజీ లేకుండా నేరుగా బయలుదేరడం అన్నిసార్లూ తెలివైన పని కాదు. ఏ ఆసుపత్రికి వెళ్ళినా మూడు ప్రశ్నలు అడగాలి: ఈసీజీ ఇప్పుడే తీస్తారా? గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఉందా? క్యాథ్‌ల్యాబ్ ఉందా? చౌటుప్పల్, భువనగిరి, బీబీనగర్ వైపు ఏ ఆసుపత్రిలో రాత్రి పూట ఏది దొరుకుతుందో బాగున్న రోజునే కనుక్కొని, గోడ మీద రాసి పెట్టుకోవాలి. ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించుకుని నొప్పి తగ్గిందా అని చూస్తూ కూర్చుంటే గంటలు పోతాయి. ఊళ్ళో ఆర్‌ఎంపీ చేయగల పెద్ద మేలు, వెంటనే ఈసీజీకి పంపడమే.

మొదటి ఈసీజీ మామూలుగా వచ్చినంత మాత్రాన నిశ్చింతగా ఇంటికి రాకూడదు. నొప్పి ఉంటే ఈసీజీ మళ్ళీ తీస్తారు. ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష కొన్ని గంటల తేడాతో రెండోసారి చేస్తారు. డాక్టరు ఆగమంటే ఆగాలి.

ఖర్చు భయంతో ఆగేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. 2007లో మహబూబ్‌నగర్ సహా మూడు జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీలో స్టెంట్, బైపాస్ ఆపరేషన్లు ఉన్నాయి. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి దీని పరిమితి 10 లక్షల రూపాయలు. పథకంలో ఉన్న ఆసుపత్రిలో చేరగానే ఆరోగ్యమిత్రను కలవాలి. కార్డు వెతకడం కోసం బయలుదేరడం ఆపకూడదు, వెనక నుంచి ఎవరైనా తెచ్చి ఇవ్వవచ్చు.

ఒకటి రెండు రోజుల్లో డాక్టరును కలవాల్సినవి

నడిచినప్పుడు, మెట్లు ఎక్కినప్పుడు, నీళ్ళ బిందె మోసినప్పుడు ఛాతీ పట్టేసి, ఆగితే కొద్ది నిమిషాల్లో తగ్గిపోవడం గుండె ఇచ్చే ముందస్తు కబురు. తగ్గింది కదా అని వదిలేయకూడదు. ఇది కొత్తగా మొదలైనా, ముందుకంటే తక్కువ పనికే వస్తున్నా ఆ రోజే చూపించుకోవాలి. కూర్చుని ఉన్నప్పుడు కూడా వస్తే అది 108 కేసే.

జ్వరం, దగ్గు, కఫంతో ఛాతీ నొప్పి ఉంటే న్యుమోనియా కావచ్చు. ఆయాసం తోడైతే ఆగకూడదు. రెండు వారాలు దాటిన దగ్గు, బరువు తగ్గడం, రాత్రి చెమటలు ఉంటే టీబీ పరీక్ష చేయించాలి. అది ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. ఛాతీకి ఒక పక్క మంట పుట్టి, ఒకటి రెండు రోజుల్లో నీటి పొక్కులు వరసగా వస్తే అది అగ్గిసర్పి. మందు మొదటి మూడు రోజుల్లో వాడితే బాగా పనిచేస్తుంది.

తిన్నాక, పడుకున్నాక మంట, పుల్లటి తేన్పులు ఉంటే ఎసిడిటీ కావచ్చు. రెండు మూడు వారాలైనా తగ్గకపోయినా, ముద్ద మింగడం కష్టమైనా, విరేచనం నల్లగా వచ్చినా చూపించుకోవాలి. ఎసిడిటీ మందుతో కాస్త తగ్గడం గుండె కాదనడానికి రుజువు కాదు.

ఇంట్లో చూసుకోవచ్చు అనదగ్గ నొప్పి ఎలా ఉంటుంది? వేలితో ఒక్కచోట చూపించగలిగేది, నొక్కితే లేదా చేయి తిప్పితే పెరిగేది, ఎక్కువ పని చేసిన మర్నాడు వచ్చేది, ఆయాసం, చెమటలు లేనిది. వయసు 40 దాటినా, షుగర్, బీపీ ఉన్నా ఇలాంటి నొప్పికి కూడా ఒకసారి ఈసీజీ తీయించుకోవడం మంచిది.

రంజాన్‌లో

రోజాలో ఉన్నప్పుడు ఛాతీ నొప్పి వస్తే ఇఫ్తార్ దాకా ఆగడం, ఇఫ్తార్ తర్వాత వస్తే "ఎక్కువ తిన్నా, హలీం పడలేదు" అనుకోవడం రెండూ ప్రమాదమే. అనారోగ్యంతో ఉన్నవారికి రోజా వాయిదా వేసుకునే వీలు ఖుర్ఆన్‌లోని అల్ బఖరా సూరా 184, 185 ఆయతుల్లోనే ఉంది. మాత్ర వేసుకోవాల్సి వస్తే వేసుకోవడమే. షుగర్ 70 కంటే తగ్గినా, 300 దాటినా రోజా విరమించాలని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. స్టెంట్ పడినవాళ్ళు, గుండె మందులు వాడేవాళ్ళు రంజాన్‌కు నెల ముందే డాక్టరును కలిసి, సహరీకి ఏ మాత్ర, ఇఫ్తార్‌కు ఏ మాత్ర అని రాయించుకోవాలి. సొంతంగా ఒక పూట మందు మానేయకూడదు.

మూతి వంకర పోతే, మాట ముద్దగా వస్తే

ఉన్నట్టుండి మూతి ఒక పక్కకు పోవడం, ఒక చేయి లేదా కాలు పడిపోవడం, మాట తడబడడం పక్షవాతం లక్షణాలు. దీనికీ 108కే ఫోన్ చేయాలి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ పనికొచ్చే సమయం నాలుగున్నర గంటలు మాత్రమే. మనిషి చివరగా ఎన్ని గంటలకు బాగున్నాడో గుర్తుపెట్టుకుని డాక్టరుకు చెప్పాలి. నీళ్ళు, ఆస్పిరిన్ ఇవ్వకూడదు. పసరు మందులకు తిప్పుతూ రోజు పోగొట్టకూడదు.

ఆసుపత్రికి వెళ్ళాక "గ్యాసే, ఏం లేదు" అని పంపిస్తే పోయేది ఒక పూట, కొంత దారి ఖర్చు. అనవసరంగా వచ్చామని సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఇలాంటి నొప్పితో పదిమంది వెళితే తొమ్మిది మంది గ్యాస్ అని తిరిగొచ్చినా, పదో మనిషి బతకడానికి ఆ పదిమందీ వెళ్ళాల్సిందే.