నిలువుగా తిప్పితే చీకటి

పంతులుగారు చెయ్యెత్తి వాయించమన్నారు. డోలు, సన్నాయి ఒక్కసారిగా ఎత్తుకున్నాయి. భువనగిరి దగ్గరి ఆ ఫంక్షన్ హాల్లో, స్టేజీ అంచున మోకాలి మీద కూర్చున్న ఫొటోగ్రాఫర్ అడ్డంగా నాలుగు ఫ్రేములు కొట్టాడు. వంచిన పెళ్లికూతురు మెడ, దాని చుట్టూ పెళ్లికొడుకు చేతులు, పక్కన జడ ఎత్తిపట్టిన ఆడబిడ్డ. ఇదంతా నిలువు ఫ్రేములోనే ఇముడుతుంది. కెమెరా నిలువుగా తిప్పి గ్రిప్ మీది బటన్ నొక్కాడు. చప్పుడు లేదు. చిన్న తెర మీది అంకెలు మాయం.

అడ్డంగా తిప్పాడు. ప్రాణం వచ్చింది. నిలువుగా తిప్పాడు. పోయింది.

మూడు ముళ్లు పడటానికి ఎంతసేపు? రెండో ముడి పడుతుండగా గత్యంతరం లేక అడ్డంగానే కొట్టాడు.

"తమ్మీ, బ్యాటరీ!"

"పొద్దుగాల్నే మార్చినం గదన్నా" అంటూనే అసిస్టెంట్ కుర్రాడు మరో రెండు తీసిచ్చాడు. ఈ జబ్బు అంతకుముందు లగ్గంలోనే మొదలైంది. పాత బ్యాటరీలు పోయాయనుకుని అన్న వాటిని తమ్ముడికి ఇచ్చేసి, తనకు చవకరకం కొత్తవి కొన్నాడు. అవి వేసినప్పుడల్లా కెమెరా ఒక ప్రశ్న అడుగుతుంది: ఈ బ్యాటరీ నాతో మాట్లాడటం లేదు, అయినా వాడమంటావా? ఓకే నొక్కాలి. ఆ రోజూ నొక్కాడు. నిలువుగా తిప్పాడు. మళ్లీ చీకటి.

కెమెరా కెనాన్ 5డీ మార్క్ 2. అది 2008లో ప్రకటించిన మోడల్, మన పెళ్లి ఆల్బమ్‌లను ఏళ్లపాటు మోసిన బండి. దాని అడుగున తగిలించుకోవడానికి కెనాన్ చేసిన గ్రిప్ పేరు బీజీ-ఈ6. రెండు ఎల్పీ-ఈ6 బ్యాటరీలు పడతాయి, లేదంటే వేరే ట్రేలో ఆరు పెన్సిల్ సెల్స్. ఒక్క బ్యాటరీతో సుమారు 850 ఫొటోలని కంపెనీ లెక్క. తెల్లారుజామున నలుగుతో మొదలై అప్పగింతలతో ముగిసే పెళ్లికి ఆ రెండో బ్యాటరీ ఎంత అవసరమో చేసినవాళ్లకు తెలుసు. పైగా గ్రిప్ తగిలిస్తే కెమెరా పెద్దగా కనిపిస్తుంది, పెళ్లివారి కళ్లల్లో మనిషి కూడా పెద్దవాడవుతాడు. ఆ సంగతి ఎవరూ పైకి ఒప్పుకోరు. మన ఫొటోగ్రాఫర్ దగ్గరున్నది కెనాన్ గ్రిప్ కాదు, తక్కువ ధరకు దొరికిన వేరే తయారీ.

తలంబ్రాల పళ్లేలు వస్తున్నాయి. గ్రిప్ ఊడదీసి బ్యాటరీని నేరుగా బాడీలోకే వేస్తే సరిపోయేది. కానీ గ్రిప్ తగిలించాలంటే కెమెరా అడుగున బ్యాటరీ గది మూతను ముందే విప్పేయాలి. ఆ మూత ఇంట్లో, బీరువా సొరుగులో ఉంది. మూత పడిందో లేదో కనిపెట్టే బుల్లి స్విచ్ ఒకటి చాలా కెమెరాల్లో ఆ గది అంచున ఉంటుంది. అది నొక్కుకోకపోతే నిండు బ్యాటరీ వేసినా కెమెరా లేవదు.

తెలివి తమ్ముడికి పుట్టింది. స్టేజీ పక్కన పడున్న శుభలేఖ మూల చింపి, మడతలు పెట్టి ఆ స్విచ్ సందులో కూరాడు. పైన కరెంటు టేపు అంటించాడు. కెమెరా లేచింది. అడ్డంగా, నిలువుగా, తలకిందులుగా ఎలా తిప్పినా ఆగలేదు. తలంబ్రాలు మొత్తం ఆ శుభలేఖ ముక్క పుణ్యాన వచ్చాయి.

గండం గట్టెక్కడమే కాదు, రోగ నిర్ధారణలో సగం అక్కడే అయిపోయింది. బాడీ బాగుంది. కొత్త బ్యాటరీలూ బాగున్నాయి. లోపం ఉంటే గ్రిప్‌లోనే. ఆ హడావుడిలో ఇద్దరికీ అది తట్టలేదు. ‘బోర్డు పోయింది, సర్వీసుకు పంపాలె’ అని ఎవరో అన్న మాటనే పట్టుకుని మర్నాడు కోఠి గుజరాతీ గల్లీకి బయల్దేరారు.

గల్లీలో కెమెరాలు, ఫ్లాష్‌లు, స్టాండ్లు అమ్మే దుకాణాలను దాటుకుంటూ వెళ్తే, ఒకరే కూర్చోగలిగేంత చోటులో చాచా బల్ల ఉంటుంది. ఆయన రీళ్ల కాలం మనిషి. నికాన్ ఎఫ్ఎం2లు విప్పి చేయి తిరిగినవాడు. ఆ కెమెరా షట్టర్‌కు బ్యాటరీతో పనే లేదు, వెలుగు కొలిచే మీటర్‌కు మాత్రమే కావాలి. దానికింద తగిలించే ఎండీ-12 మోటార్ డ్రైవ్‌కు మాత్రం ఎనిమిది పెన్సిల్ సెల్స్. నేటి గ్రిప్‌లకు అది తాత లాంటిది.

"ఏమైంది?"

"బోర్డు పోయిందంట చాచా."

"ఎవరు జెప్పిన్రు? బోర్డా?"

గ్రిప్ తగిలించి స్విచ్ వేశాడు. వెలిగింది. తిప్పాడు. వెలుగుతూనే ఉంది. అన్న మొహం పాలిపోయింది. మెకానిక్ ముందు బండి బుద్ధిగా నడవడం కన్నా అవమానం లేదు.

చాచా మీటర్ తీసి బ్యాటరీ కొనల మీద పెట్టాడు. 8.2 వోల్టులు. "చూసినవా, నిండుగ ఉన్నది. గని స్టాండు మీద బండి స్టార్టయిందని ఘాటెక్కుతదని రాసిస్తమా?" షట్టర్ నొక్కితే అద్దం లేవాలి, లెన్స్ మోటార్ తిరగాలి, ఆ క్షణాన కరెంటు ఒక్కసారిగా గుంజుతుంది. దారిలో ఒక కాంటాక్ట్ మసిబారి అర ఓమ్ అడ్డుపడ్డా, 2 ఆంపియర్లు గుంజేసరికి 1 వోల్టు అక్కడే ఆవిరి. కెమెరాకు అది చావుకొచ్చిన బ్యాటరీలాగే కనిపిస్తుంది. మీటర్‌కు అంత కరెంటుతో పని లేదు. అందుకే అంతా బాగుందనే చెబుతుంది.

"పెండ్లిల ఏ లెన్స్ ఉండె?"

70-200. దాని బరువే దాదాపు కిలోన్నర. తమ్ముడు సంచిలోంచి తీసి తగిలించాడు. చాచా కుడిచేత్తో గ్రిప్ మాత్రమే పట్టుకుని, లెన్స్ కింద చెయ్యి పెట్టకుండా నిలువుగా తిప్పాడు. నొక్కాడు. చీకటి.

బ్యాటరీ ట్రే తీసి పెన్సిల్ సెల్స్ ట్రే పెట్టి నొక్కాడు. అదే చీకటి. రెండు ట్రేలూ ఒకేలా చెడిపోవు కాబట్టి అనుమానం గ్రిప్‌కూ కెమెరాకూ నడుమ అతుకు మీదికి జరిగింది. ఆ బరువునంతా పట్టి ఉంచేది అడుగున స్టాండు బిగించే పావు అంగుళం మర ఒక్కటే. కరెంటు వెళ్లేది బ్యాటరీ గదిలోకి దూరే గ్రిప్ కొమ్ము చివరి రేకుల మీదుగా. చాచా విజిటింగ్ కార్డు ఒకటి తీసి రెంటి మధ్యకు తోశాడు. ఒక మూల లోపలికి జారిపోయింది.

"దూరొద్దు గదా ఇది."

విప్పి చూస్తే సంగతి తేలింది. గ్రిప్ పైభాగాన అంటించిన పల్చటి రబ్బరు ఎండకు, చెమటకు ఉబ్బి ఓ మూల లేచి మడతపడింది. ఆ మరను బిగించే చక్రం తిప్పుతుంటే ఆ మడతే అడ్డుపడి ‘బిగిసింది’ అనిపిస్తోంది. నిజానికి కొమ్ము లోపలికి పూర్తిగా దిగడం లేదు. అడ్డంగా ఉన్నప్పుడు రేకులు అంటీముట్టనట్టు తగులుతున్నాయి, లెన్స్ బరువు పక్కకు లాగగానే వదిలేస్తున్నాయి.

అన్న జేబులోంచి గరుకు కాగితం తీశాడు, రేకులు గీకుదామని. చాచా చెయ్యి పట్టుకున్నాడు. ఆ రేకుల మీద ఉండేది పల్చటి పూత. గీకితే ఆ రోజుకు తళతళలాడుతుంది, పూత పోయాక అడుగు లోహం గాలికి ఇంకా తొందరగా నల్లబడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో తుడిచాడు. దూది నల్లగా వచ్చింది. ఇంకోటి. అదీ నల్లగానే వచ్చింది. మూడోది తెల్లగా వచ్చాక ఆపాడు. ఉబ్బిన రబ్బరు పీకేసి, పాత జిగురు గోకి, కొత్త షీటు కొలిచి కోసి అంటించాడు. ఈసారి చక్రం ఇంకో ముప్పావు చుట్టు తిరిగింది. కార్డు ఏ మూలా దూరలేదు.

70-200 తగిలించి, నిలువుగా పట్టి, బటన్ నొక్కి అట్టే పెట్టాడు. టపటపమని సెకనుకు దాదాపు నాలుగు చొప్పున మోగుతూనే ఉంది. గల్లీలో పోయేవాళ్లు తిరిగి చూశారు.

"పాత బ్యాటరీలు ఏం జేసినవ్?" చాచా ఉన్నట్టుండి అడిగాడు.

"పోయినయనుకొని వీనికిచ్చిన."

తమ్ముడు అయిష్టంగా వాటిని బయటికి తీశాడు. చాచా ఒక్కోటే వేసి మెనూలో బ్యాటరీ సమాచారం తెరిచాడు. ఇవి కంపెనీవి, కెమెరాతో మాట్లాడతాయి. రీఛార్జ్ పనితీరు అన్నచోట మూడు ఆకుపచ్చ గళ్లు. రెండోదానికీ మూడే.

అన్న తమ్ముడి వైపు చూశాడు.

"ఇచ్చినయి ఇచ్చినట్టే గదన్నా" అంటూ తమ్ముడు ఒకదాన్ని తన సెకండ్ హ్యాండ్ 60డీలో వేసి, రెండోదాన్ని జేబులో దోపుకున్నాడు.