సామాజిక పరిశోధనలో నమూనా ఎంపిక: చరిత్ర

ఒక జనసమూహం గురించి తెలుసుకోవడానికి అందులో కొందరిని మాత్రమే ఎంచుకుని అడగడాన్ని నమూనా ఎంపిక అంటారు. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారు. కానీ కుండలో మెతుకులన్నీ ఒకే నీళ్లలో, ఒకే మంట మీద ఉడుకుతాయి. ఊళ్లో ఇళ్లు అలా కావు. అందుకే ఈ చరిత్ర పొడవునా వేధించిన ప్రశ్న ఒక్కటే: అడగకుండా మిగిలిపోయింది ఎవరు?

19వ శతాబ్దపు గణాంకవేత్తల దృష్టిలో అందరినీ లెక్కపెడితేనే శాస్త్రం. నార్వేకు చెందిన ఆండర్స్ కియేర్ 1895లో బెర్న్‌లో, సరిగా ఎంచుకుంటే కొందరితోనే దేశ స్థితి తెలుస్తుందని వాదించినప్పుడు తోటివారు చాలామంది ఒప్పుకోలేదు. ఇంగ్లండ్‌లో ఆర్థర్ బౌలీ 1912లో రీడింగ్ పట్టణంలోని శ్రామిక కుటుంబాల పేదరికాన్ని సుమారు 20 ఇళ్లకు ఒకటి చొప్పున తీసుకుని అధ్యయనం చేశారు.

అసలు మలుపు ఇటలీ అనుభవంతో వచ్చింది. కొరాడో గిని, లుయిజి గాల్వాని 1921 జనాభా లెక్కల్లోంచి ఒక నమూనాను భద్రపరచడానికి 214 జిల్లాల్లో 29 ఎంచారు. కొన్ని ముఖ్యాంశాల సగటు దేశం సగటుతో సరిపోయేలా చూసుకున్నారు. తీరా చూస్తే మిగతా విషయాల్లో పొంతన కుదరలేదు. ఇలా చూసి ఎంచడం కన్నా లాటరీ పద్ధతే మేలని, అప్పుడే పొరపాటు ఎంత ఉండొచ్చో లెక్కకట్టగలమని జెర్జీ నేమన్ 1934లో నిరూపించారు. ఎంపికలోంచి పరిశోధకుడి ఇష్టాయిష్టాలను తప్పించడం ఈ శాస్త్రం సాధించిన అతిపెద్ద విజయమని చెప్పాలి.

అమెరికాలో ‘లిటరరీ డైజెస్ట్’ పత్రిక 1936 అధ్యక్ష ఎన్నికలకు ముందు దాదాపు కోటి మందికి బ్యాలెట్లు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. అభ్యర్థుల్లో లాండన్ గెలుస్తారని పత్రిక ప్రకటిస్తే, రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచారు. చిరునామాలు ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీల నుంచీ కార్ల రిజిస్ట్రేషన్ల నుంచీ తీసుకున్నవి. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ లేని ఓటరు ఆ జాబితాకు ఎక్కనే లేదు. దానికితోడు బ్యాలెట్ నింపి తిరిగి పంపినవారిలో రూజ్‌వెల్ట్ అంటే గిట్టనివారే ఎక్కువ. ఫోన్ సర్వేలు చేసే నేటి పరిశోధకులకూ ఈ పాఠం అవసరమే: జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఉన్న 15-49 ఏళ్ల భారతీయ మహిళలు దాదాపు 54 శాతమే.

భారతదేశంలో ఈ పద్ధతికి పునాది వేసింది పి.సి. మహలనోబిస్. 1937 నుంచి బెంగాల్ జనపనార పంట సర్వేల్లో ఆయన పద్ధతులకు పదును పెట్టారు. ఒకే ప్రాంతంలో రెండు నమూనాలు తీసి, వేర్వేరు బృందాలతో సర్వే చేయించి, ఫలితాలు పోల్చేవారు. తేడా వస్తే తప్పు ఎక్కడుందో వెతికేవారు. 1950లో జాతీయ నమూనా సర్వే మొదలైంది. ఆ సర్వేకు ఊళ్లోకి వచ్చిన సిబ్బంది ముందు ఊరి పరిమాణం చూస్తారు. ఊరు పెద్దదైతే వాడలను గుంపులుగా విడదీసి, వాటిలో కొన్నింటిని తీసుకుంటారు. ఆ తర్వాత ఇళ్ల జాబితా రాసుకుంటారు. అప్పుడే ఇళ్ల ఎంపిక. రోడ్డు పక్క ఇల్లో, మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టిన ఇల్లో కాదు, చీటీలో వచ్చిన ఇంటికే వెళ్లాలి. పనికోసం వలసపోయి తాళం వేసిన ఇల్లు తగిలినప్పుడే అసలు పరీక్ష.

అన్నిచోట్లా లాటరీయే పనికిరాదు. పటాన్‌చెరులోని వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో ప్రారంభించిన గ్రామస్థాయి అధ్యయనాలకు ఆరు ఊళ్లను ఆలోచించే ఎంచింది. వాటిలో ఔరేపల్లె, డోకూరు నాటి మహబూబ్‌నగర్ జిల్లావి. ఊరికి 40 కుటుంబాలు: కూలీలు 10, చిన్న, మధ్యతరహా, పెద్ద రైతులు పదేసి. ఊళ్లో కూలీలు ఎందరున్నా వారి వంతు పదే కాబట్టి, సగటు తీసేముందు ఎవరి సంఖ్యకు తగిన బరువు వారికి ఇవ్వాల్సిందే. అయినా ఏళ్ల తరబడి అవే గడపలు తొక్కడం వల్ల, ఒక్కరోజు సర్వేకు చిక్కని అప్పులు, కరువులు, పంటల మార్పులు అక్కడ నమోదయ్యాయి.

జాబితాయే లేని జనం విషయంలో దారి వేరు. సూదులతో మత్తుమందులు తీసుకునేవారిని కలవడానికి డగ్లస్ హెకథార్న్ 1997లో కొత్త పద్ధతి ప్రతిపాదించారు. పాల్గొన్న వ్యక్తికి కొన్ని కూపన్లు ఇస్తారు, ఆ వ్యక్తి తనకు తెలిసినవారికి వాటిని అందిస్తాడు. స్నేహితులు ఎక్కువున్నవారి బలగంతోనే నమూనా నిండిపోకుండా కూపన్ల సంఖ్యకు పరిమితి పెడతారు.