లెక్కలోకి రాని ప్రయాణం

మా అక్క కూతురు విమానాల్లో క్యాబిన్ క్రూగా పనిచేస్తుంది. ఉద్యోగం హైదరాబాదులో, ఇల్లు ఆత్రేయపురంలో. అక్కడ ముగ్గురు అమ్మాయిలతో కలిసి ఒక గది అద్దెకి తీసుకుంది. రెండేళ్ళ పిల్లాడు ఇక్కడ మా అక్క దగ్గర పెరుగుతున్నాడు. నాలుగు రోజులు సెలవు దొరికితే చాలు, మధురపూడిలో విమానం దిగి, ధవళేశ్వరం బ్యారేజి దాటి, బొబ్బర్లంక మీదుగా వచ్చేస్తుంది. "దానికేం, ఊరికే విమానాల్లో తిరుగుతుంది" అంటారు ఊళ్ళో.

ఆ 'ఊరికే' అన్నమాట సంగతి ఏమిటంటే, స్టాఫ్ టికెట్ మీద ప్రయాణం చేసేవాళ్ళకి అందరూ ఎక్కాక సీటు మిగిలితేనే చోటు. పోయిన సంక్రాంతి తర్వాత తిరిగి వెళ్ళేటప్పుడు మిగల్లేదు. "మడత సీటు ఒకటి ఖాళీగానే ఉంది పిన్నీ, కానీ ఇవ్వలేదు" అంది ఫోనులో. రావులపాలెం వచ్చి రాత్రి బస్సెక్కి, తెల్లారి హైదరాబాదులో దిగి, అలాగే యూనిఫారం కట్టుకుని డ్యూటీకి వెళ్ళింది. నిద్రపోయావా అని అడిగితే నవ్వేసింది.

ఆ మడత సీటునే జంప్ సీటు అంటారు. మనిషి లేవగానే టక్కున పైకి మడుచుకుపోతుంది. క్యాబిన్‌లో తలుపుల దగ్గర సిబ్బంది కోసం కొన్ని, కాక్‌పిట్‌లో పైలట్ల వెనక ఒకటో రెండో ఉంటాయి. మన పాత ఆర్టీసీ బస్సుల్లో డ్రైవరు పక్కన బానెట్ మీద కూర్చోవడం గుర్తుందా? ఇదీ అలాంటిదే, డ్రైవరు ఒప్పుకుంటేనే. అమెరికాలో ఈ సీటు చుట్టూ పెద్ద సంప్రదాయమే పెరిగింది. ఒక కంపెనీ పైలట్ ఇంకో కంపెనీ విమానంలో ఉచితంగా ఈ సీటులో కూర్చుని ఇంటికో పనికో వెళ్ళొచ్చు. తుది నిర్ణయం కెప్టెన్‌ది. పైలట్ల సోదరభావానికి ఇది గుర్తుగా చెప్పుకుంటారు.

సోదరభావం అన్న మాట అక్షరాలా నిజం, అందులో అక్కచెల్లెళ్ళు లేరు. 1934 డిసెంబరులో సెంట్రల్ ఎయిర్‌లైన్స్ హెలెన్ రిచీని పైలట్‌గా తీసుకుంటే, పైలట్ల సంఘం ఆమెకి సభ్యత్వం ఇవ్వలేదు. వాతావరణం బాగాలేనప్పుడు ఆమెని ఎగరనివ్వకూడదన్నారు. ఏడాది తిరక్కుండా రాజీనామా చేసింది. ఆ సంఘంలోకి మొదటి స్త్రీ అడుగుపెట్టింది 1974లో, ఎమిలీ వార్నర్. మన దగ్గర అంతకుముందే 1966లో దుర్బా బెనర్జీ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో పైలట్ అయింది. అయితే క్యాబిన్‌లోని ఆడవాళ్ళ కథ వేరు. ఎయిరిండియాలో ఎయిర్‌హోస్టెస్ నాలుగేళ్ళలోపు పెళ్ళి చేసుకున్నా, మొదటిసారి గర్భం వచ్చినా ఉద్యోగం పోయేది. లేదంటే ముప్ఫై అయిదేళ్ళకి ఇంటికి. నర్గీస్ మీర్జా కేసులో 1981 ఆగస్టులో సుప్రీంకోర్టు గర్భం నిబంధనని కొట్టేసింది, పెళ్ళి నిబంధనని మాత్రం ఉంచింది. పిల్లాణ్ణి అమ్మ దగ్గర వదిలి ఉద్యోగానికి వెళ్ళే అమ్మాయి ఉండడానికి వీల్లేని కాలం అది. ఇప్పుడు ఉంది. మరి ఆమె పిల్లాడికీ పనికీ మధ్య ఉన్న దూరం ఎవరి ఖర్చు?

ఈ ప్రశ్నకి నాకు తెలిసినంతలో రెబెకా షా కథకి మించిన జవాబు లేదు. వయసు ఇరవై నాలుగు. కోల్గన్ ఎయిర్‌లో కోపైలట్. పని చేయాల్సింది న్యూయార్క్ పక్కన నెవార్క్ నుంచి, ఉండేది దేశానికి ఆ చివర సియాటెల్ దగ్గర, తల్లిదండ్రుల ఇంట్లో. అంతకుముందు ఏడాది ఆమె సంపాదన దాదాపు 16 వేల డాలర్లని విచారణలో బయటపడింది. నెవార్క్ ప్రాంతంలో ఆ డబ్బుకి ఇల్లెక్కడ దొరుకుతుంది? 2009 ఫిబ్రవరి 11 రాత్రి ఫెడెక్స్ సరుకు విమానం ఎక్కి మెంఫిస్ దాకా, అక్కడ మరో విమానం మారి, తెల్లారేసరికి నెవార్క్ చేరింది. సిబ్బంది విశ్రాంతి గదిలో సోఫా మీద కాస్త నడుం వాల్చింది. పైగా జలుబు. ఇంట్లో ఉండగా ఇలా అనిపించి ఉంటే ఇంతదూరం వచ్చేదాన్నే కాదని కెప్టెన్‌తో అన్న మాట కాక్‌పిట్ రికార్డరులో ఉంది. 12వ తేదీ రాత్రి ఆ విమానం బఫలో దగ్గర ఒక ఇంటి మీద కూలింది. విమానంలో ఉన్న 49 మందీ, కిందనున్న ఒకరూ పోయారు.

ప్రమాదానికి ప్రధాన కారణం కెప్టెన్ పొరపాటు స్పందన అని దర్యాప్తు సంస్థ 2010లో తేల్చింది. అలసట ఇద్దరి పనితీరునీ దెబ్బతీసి ఉండవచ్చు గానీ ఎంతమేరకో చెప్పలేమంది. పత్రికల్లో మాత్రం చాలామంది అడిగింది ఒకటే, "అంత దూరాన ఎందుకుండాలి?" ఆడవాళ్ళకి ఈ గొంతు కొత్తది కాదు. అంత రాత్రివేళ ఎందుకు తిరగాలి, పిల్లల్ని వదిలి ఎందుకు వెళ్ళాలి అని అడిగేదీ ఇదే గొంతు.

దీని తర్వాత అమెరికాలో విశ్రాంతి నియమాలు మారాయి, 2014 నుంచి అమల్లోకి వచ్చాయి. అందులో ఒక మెలిక ఉంది. కంపెనీ తన అవసరం కోసం పైలట్‌ని ప్రయాణికుడిగా ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పంపితే అది డ్యూటీ. అదే పైలట్ ఇంటి నుంచి పనికి వస్తే డ్యూటీ కాదు, సొంత వ్యవహారం. అలిసిపోయి రాకుండా చూసుకునే బాధ్యత తనదే. మన డీజీసీఏ నియమాల్లోనూ కంపెనీ పంపిన ప్రయాణాన్ని డ్యూటీగా లెక్కిస్తారు. పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచిన కొత్త నియమాలకి తగ్గట్టు మనుషుల్ని సర్దుకోలేక 2025 డిసెంబరులో ఇండిగో వేల విమానాలు రద్దు చేసిన సంగతి మనమంతా చూశాం. ఆ గొడవలో ఇంటికీ పనికీ మధ్య దూరం గురించి నేను ఒక్క మాట వినలేదు.

ఒకే సీటు, ఒకే ఆకాశం, ఒకే నిద్రలేమి. ఎవరు పంపారన్నదాన్ని బట్టి అది పని అవుతుంది, లేదా కాకుండా పోతుంది. మా ఊళ్ళో పూతరేకులు తీసే ఆడవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. వాళ్ళకి డబ్బు రేకుల లెక్కన. బియ్యం నానబెట్టడం, రుబ్బడం, ఎండు కొబ్బరాకులు ఏరుకొచ్చి పొయ్యి రాజేయడం, బోర్లించిన కుండ సరిగ్గా వేడెక్కేదాకా పొగలో కూర్చోవడం, ఇవేవీ ఏ లెక్కలోకీ రావు. అదంతా వాళ్ళ ఇంటి పనే కదా మరి! ఆ రేకులు మాత్రం అట్టపెట్టెల్లో భద్రంగా విమానాలెక్కి అమెరికా వెళతాయి.

సీటు ఇవ్వడాన్ని దయగా చూపించడమే నాకు అన్నిటికంటే ఇబ్బంది. దయ అయితే అడిగేవాళ్ళు వినయంగా ఉండాలి, దొరక్కపోతే నోరెత్తకూడదు. మన ఆర్టీసీ బస్సుల్లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం వచ్చాక వింటున్న వెటకారాలు కూడా ఆ దయలోంచి పుట్టినవే. ఆ బస్సుల్లో ఎక్కువమంది వెళ్ళేది పనికి.

మా అమ్మాయి ఉగాదికి వస్తానంది. ఈసారి తిరుగు ప్రయాణానికి విమానాన్ని నమ్ముకోనని, ఒకరోజు ముందే బయల్దేరతానని, రావులపాలెం నుంచి బస్సు టికెట్ కొనిపెట్టమని నాకు చెప్పింది. కొన్నాను. ఆ నాలుగు రోజుల్లో పిల్లాడికి మిగిలినవి మూడు.